మొదటి దెబ్బ సంగతేమిటి?

పాతబస్తీలో వేటతుపాకుల ప్రస్తావన వస్తే తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది. పురానీ హవేలీలో నిజాం మ్యూజియం చూసి వచ్చినవాళ్లూ, చౌమహల్లాలో ఆయుధాల గది తిరిగినవాళ్లూ, తాతల నాటి తుపాకిని లైసెన్సుతో సహా కాపాడుకుంటున్న దేవిడీల వారసులూ అనేది ఒకటే: పులి ముందో ఏనుగు ముందో నిలబడాలంటే డబుల్ రైఫిలే కావాలి, బోరు ఎంత పెద్దదైతే ప్రాణానికి అంత భరోసా, సైడ్‌లాక్, ఎజెక్టర్, మీద లండన్ కంపెనీ పేరు ఉంటే ఇక తిరుగే లేదు. ఈ అభిప్రాయం కాలక్షేపానికే పరిమితమైతే దీని మీద ఇంత కాగితం ఖర్చు చేయనక్కర్లేదు. అడవి అంచు ఊళ్లో మనిషి మీద పులి పడిందన్న వార్త వచ్చినప్పుడల్లా ఇదే మాట సలహాగా మారుతుంది. పాత తుపాకి అమ్మకానికి వచ్చినప్పుడు ఇదే దాని ధరను నిర్ణయిస్తుంది.

ముందుగా వాళ్ల వాదనను వాళ్ల వైపు నుంచే చెప్పాలి. అందులో బలం లేకపోలేదు. డబుల్ రైఫిల్లో రెండు గొట్టాలే కాదు, రెండు లాకులు, రెండు ట్రిగ్గర్లు ఉంటాయి. అంటే ఒకే కుందాకు బిగించిన రెండు తుపాకులన్నమాట. ఒకదాని స్ప్రింగు విరిగినా రెండోది పేలుతుంది. బోల్ట్ రైఫిల్లోలాగా చెయ్యి తీసి బోల్టు లాగి తొయ్యాల్సిన పని లేదు. వేలు ముందు ట్రిగ్గర్ నుంచి వెనక ట్రిగ్గర్‌కు జారితే చాలు. పొడవు తక్కువ కాబట్టి పొదల్లో తిప్పుకోవడం తేలిక. ఒక గొట్టంలో మెత్తని ముక్కు గుండు, రెండో దాంట్లో గట్టి గుండు పెట్టుకొని అప్పటికప్పుడు ఎంచుకునే వీలు మరే తుపాకిలోనూ ఇంత సులువుగా దొరకదు. మృగం పది అడుగుల్లో ఉన్నప్పుడు ఇవన్నీ నిజంగా పనికొచ్చే గుణాలే. ఇంతవరకూ వివాదం లేదు.

అయితే ఈ లెక్కంతా రెండో దెబ్బ చుట్టూనే తిరుగుతోంది. మృగం పది అడుగుల దాకా ఎందుకొచ్చిందన్న ప్రశ్న ఎవరూ వేయడం లేదు. ఎక్కువసార్లు జవాబు ఒక్కటే: మొదటి దెబ్బ తగలాల్సిన చోట తగల్లేదు. గాయపడి గడ్డిలోకి దూరిన పులిని వెతుక్కుంటూ వెళ్లడమే వేటలో అన్నిటికంటే ప్రమాదకరమైన పని అని వేటగాళ్లంతా ఒప్పుకుంటారు. ఆ పని తెచ్చిపెట్టేది గురి తప్పిన మొదటి గుండు. తుపాకి గుణాలను ఎంచేటప్పుడు మొదటి దెబ్బను చెడగొట్టే వాటిని కొని, రెండో దెబ్బతో సరిదిద్దుకుంటామనడం తలకిందుల తర్కం. ఈ తర్కాన్ని ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

1. బోరు సంఖ్య మృగాన్ని చూసి పుట్టలేదు

470 బోరు పేరు చెప్పగానే గొంతులో గౌరవం వస్తుంది. ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది? 1898లో లండన్‌కు చెందిన జాన్ రిగ్బీ కంపెనీ పొగలేని మందుతో 450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తెచ్చింది. ఏనుగుకైనా అడవిదున్నకైనా అది చాలునని అప్పటి వేటగాళ్లు తేల్చుకున్నారు. కొన్నేళ్లకు, 1907 ప్రాంతంలో, బ్రిటిష్ ప్రభుత్వం 450 బోరు తుపాకులూ తూటాలూ హిందుస్తాన్‌లోకి, సూడాన్‌లోకి రాకుండా నిషేధించింది. పాత మార్టినీ-హెన్రీ సైనిక తుపాకుల బోరు కూడా అదే. ఆ తూటాలు తిరుగుబాటుదార్ల చేతిలో పడతాయని భయం. అమ్మకాలు పోతాయన్న బెంగతో ఇంగ్లండ్ కంపెనీలు బోరును ఓ పిసరు అటూ ఇటూ జరిపాయి. 465, 470, 475, 476 అన్నీ ఆ హడావిడిలో బజారుకెక్కినవే. అడవిదున్న పుర్రె ఆ ఏడాది మందం కాలేదు. మారింది దిగుమతి నిబంధన. దానికి దొరికిన సందును ఇవాళ మృగబల శాస్త్రంగా చదువుతున్నారు.

బోరు పెరిగితే పెరిగేది ఒక్క గుండు బరువే అయితే పేచీ ఉండేది కాదు. 450/400 జెఫ్రీ గుండు 26 గ్రాములు. 470 గుండు 32 గ్రాములు. 600 నైట్రో గుండు 58 గ్రాములు. ఈ చివరిదాన్ని పేల్చే తుపాకి ఏడు కిలోల పైమాటే. దాన్ని మోసుకొని ఎండలో నాలుగు మైళ్లు నడిచిన చేయి గురి చూసేసరికి వణుకుతుంది. తన్నుకు భయపడిన భుజం ట్రిగ్గర్ నొక్కే క్షణంలో తెలియకుండానే ముడుచుకుంటుంది, కళ్లు మూసుకుంటాయి. తుపాకి నేర్పేవాళ్లందరికీ తెలిసిన జబ్బిది. మగపులి బరువు రెండు వందల కిలోల చుట్టూ ఉంటుంది. ఏనుగుది నాలుగైదు టన్నులు. ఏనుగు తలలోని తేనెపట్టు లాంటి ఎముకను చీల్చుకొని మెదడు దాకా వెళ్లడానికి చేసిన గట్టి గుండు, పులి ఒంట్లోంచి అటు నుంచి ఇటు దూసుకుపోయి సగం సత్తువ వెనకనున్న చెట్టుకు ధారపోస్తుంది. రెండింటినీ ‘క్రూరమృగం’ అని ఒకే మూటలో కట్టి, ఒకే పెద్ద బోరు మందుగా రాసివ్వడం వైద్యం కాదు.

2. రెండు గొట్టాల లాభాన్ని చంపే హంగులు

డబుల్ రైఫిల్ అసలు బలం రెండు లాకుల స్వతంత్రతేనని పైన ఒప్పుకున్నాం. ఇప్పుడు ‘మేలైన’ తుపాకి కోసం అడిగే హంగులు చూడండి. సింగిల్ ట్రిగ్గర్ నాజూకుగా ఉంటుంది, వేలు జరపక్కర్లేదు, ధర కూడా ఎక్కువ. కానీ మొదటి తన్నుకు కదిలి రెండో లాకుకు మారే ఆ చిన్న యంత్రం ఇరుక్కుందంటే రెండు గొట్టాలూ ఒక్కసారే మూగబోతాయి. రెండు బావులు తవ్వించి ఒకే చేంతాడు పెట్టుకున్నట్టు. తర్వాత ఆటోమాటిక్ సేఫ్టీ. తుపాకి తెరిచి మూసిన ప్రతిసారీ అది తనంతట తానే ‘సేఫ్’లోకి వెళ్లిపోతుంది. పిట్టలవేటకు మంచిదే. రెండు తూటాలూ కాల్చి, గబగబా నింపుకొని, మీదికొస్తున్న మృగానికి గురిపెట్టినప్పుడు మాత్రం ట్రిగ్గర్ కదలదు. ఆ మీట తీసేయించడం తుపాకి మేస్త్రీకి చిన్న పని. కానీ అడిగేవాళ్లేరీ?

సైడ్‌లాక్ గొప్పతనం గురించి రెండు ముక్కలు చాలు. పలకల మీద నగిషీ చెక్కడానికి అందులో చోటెక్కువ, అది నిజం. లాకు జారినా పేలకుండా ఆపే అదనపు కొక్కెం మంచి సైడ్‌లాకుల్లో ఉంటుంది, అదీ నిజం. అయితే 1875 నాటి ఆన్సన్-డీలీ పద్ధతి బాక్స్‌లాక్‌లో భాగాలు తక్కువ. తుపాకి మెడ దగ్గర కర్రను అంతగా తొలచక్కర్లేదు. పెద్ద తన్నుకు కర్ర పగిలేది సరిగ్గా అక్కడే. ఎజెక్టర్ ఖాళీ తూటాను ఎగరేసి పారేస్తుంది, టంగుమని చప్పుడు కూడా చేస్తుంది. మామూలు ఎక్స్‌ట్రాక్టర్ పైకెత్తి ఊరుకుంటుంది, వేళ్లతో తీసుకోవాలి. వేగం కావాలా నిశ్శబ్దం కావాలా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. ప్రాణం మీదికొచ్చే తేడా మాత్రం కాదు.

3. రెండు గొట్టాలూ ఒకే చోట కొడతాయన్న నమ్మకం

ఈ అపోహ అన్నిటికంటే లోతైనది. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. పక్కపక్కన ఉన్న రెండు గొట్టాల్లో కుడిది పేలితే తుపాకి పైకీ కుడికీ తిరుగుతుంది, ఎడమది పేలితే ఎడమకు. గుండు ఇంకా గొట్టంలో ఉండగానే ఈ కదలిక మొదలవుతుంది. అందుకని గొట్టాలను సమాంతరంగా కాకుండా మూతి దగ్గర కాస్త లోపలికి వంచి అతుకుతారు. ఎంత వంచాలన్నది లెక్కతో తేలదు. మేస్త్రీ తుపాకి కాలుస్తాడు, అట్ట మీద పడ్డ చిల్లులు చూస్తాడు, మూతి దగ్గర టంకం వేడిచేసి కరిగిస్తాడు, గొట్టాల మధ్య ఉన్న సన్నని చీలను వెంట్రుకవాసి జరుపుతాడు, టంకం బిగిశాక మళ్లీ కాలుస్తాడు. రెండు గొట్టాల చిల్లులూ దగ్గర పడేవరకూ ఇదే తంతు. డబుల్ రైఫిల్ అంత ఖరీదు కావడానికి పెద్ద కారణం ఈ ఓపికే. ఆ కూర్పు కుదిరేది ఒక్క తూటాతోనే: ఫలానా బరువు గుండు, ఫలానా మందు, ఫలానా వేగం. వేగం పెరిగితే గుండు ముందే బయటపడుతుంది, రెండు దెబ్బలూ అడ్డంగా దాటుకుంటాయి. వేగం తగ్గితే విడివిడిగా పడతాయి.

దీన్ని దక్కన్ ఎండలో పెట్టి చూడండి. ఇక్కడి షికార్లు ఎక్కువగా వేసవిలోనే సాగేవి. వాగులు ఎండి, నీటి మడుగు ఒకటో రెండో మిగిలినప్పుడు మృగం ఎక్కడికొస్తుందో తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటిన వేడిలో ఆనాటి కార్డైట్ మందు పీడనం పెరిగేది. తూటా ఇత్తడి తొడుగు గొట్టంలో పట్టేసి బయటికి రాకపోవడం కూడా ఆ వేడి పుణ్యమే. అందుకే మందు తగ్గించి ‘ట్రాపికల్’ తూటాలని ప్రత్యేకంగా చేశారు. ఇంగ్లండ్ చలికి కూర్చిన తుపాకిలో ఇక్కడ మామూలు తూటా పెడితే, లేదా ట్రాపికల్ తూటాకు కూర్చిన దాంట్లో మరో రకం పెడితే, లక్షలు పోసి చేయించిన ఆ కూర్పు వట్టిపోతుంది. ఇవాళ సమస్య ఇంకా ముదిరింది. ఈ తుపాకులకు తూటాలు చేసిన కైనాక్ 1960లలో పెద్ద బోర్ల నుంచి తప్పుకుంది. తర్వాతి దశాబ్దాల్లో ఆ పేరు మళ్లీ బజారులోకి వచ్చినా, పాత తూటాకు కూర్చిన గొట్టాలు కొత్త మందుతో అదే చోట కొడతాయన్న హామీ ఎవరూ ఇవ్వలేదు, ఇవ్వలేరు.

‘పది అడుగుల్లో ఈ తేడా ఎంత?’ అంటారు. ఏమీ ఉండదు, నిజమే. కానీ మొదటి దెబ్బ పది అడుగుల్లో కాదు, అరవై డెబ్భై గజాల్లో పడేది. అక్కడ నాలుగంగుళాలు తప్పడమంటే గుండెకు బదులు పొట్ట. పది అడుగుల కథ మొదలయ్యేది అప్పుడే.

4. పేరు ఒకటే, తుపాకి వేరు

వారసత్వ తుపాకుల విషయంలో ఈ పొరపాటు ప్రాణాంతకం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పుట్టింది 1866లో, పూర్తి అధికారాలు అందుకున్నది 1884లో. 450 నైట్రో వచ్చింది 1898లో. అంటే ఆయన యౌవనం గడిచిన కాలపు డబుల్ రైఫిళ్లు నల్లమందువి, అంటే పొగచిమ్మే నల్ల తుపాకిమందువి. 500 బోరు అని గొట్టం మీద ఉండొచ్చు. నల్లమందు 500 వేరు, నైట్రో 500 వేరు. బోరు అంకె చూసి మురిసి నల్లమందు గొట్టంలో నైట్రో తూటా పెట్టినవాడు మృగానికి కాదు, తన అరచేతికే గురిపెట్టుకున్నట్టు. ఏ మందుకు, ఎంత పీడనానికి ఆ గొట్టాన్ని పరీక్షించారో చెప్పేవి దాని కింద వేసిన ప్రూఫ్ ముద్రలు. గొట్టాలు విడదీస్తే తప్ప అవి సరిగ్గా కనిపించవు. కంపెనీ పేరు మాత్రం పైన, బంగారు పూతలో, అందరికీ కనిపించేలా ఉంటుంది.

5. ‘అంత మంది వాడారు కదా’ అన్న సాక్ష్యం

నవాబులు, వైస్రాయ్‌లు డబుల్ రైఫిళ్లతో వందల పులుల్ని కొట్టారు కదా అంటారు. 1902లో వరంగల్ దగ్గర నెక్కొండలో వైస్రాయ్ కర్జన్, భార్యతో కలిసి చచ్చిన పులి వెనక నిలబడ్డ ఫొటో దేశదేశాల్లో అచ్చయింది. రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన ఫొటో అది. ఆ వేటల తీరు తెలిసిందే. వందలాది మంది డప్పులు కొడుతూ హాకా చేసి పులిని తోలుకొస్తారు. దొర మంచె మీదో, ఏనుగు హౌదాలోనో ఉంటాడు. పక్కన నింపిన రెండో తుపాకి పట్టుకొని ఒకడు, వెనక ఇంకొకడు. అక్కడ ఏ తుపాకి ఉన్నా పులి చచ్చేదే. గాయపడి తప్పించుకున్న పులి ముందు పడ్డది హాకావాళ్లు; వాళ్ల చేతిలో ఏ బోరూ లేదు. ఆ ఫొటోల నుంచి తుపాకి సామర్థ్యం గురించి తేలేది శూన్యం.

ఒంటరిగా, కాలినడకన నరభక్షకుల వెంట పడినవాళ్ల సాక్ష్యమే అసలైనది, అది మరోలా ఉంది. 1907లో చంపావత్ ఆడపులి మీద జిమ్ కార్బెట్ 500 బోరు డబుల్‌తోనే వెళ్లాడు. తెచ్చుకున్నవి మూడే తూటాలు. అవి అయిపోయాక, గాయపడ్డ పులి ఎదురుగా ఉండగా, తహసీల్దారు చేతిలోని నాసిరకం షాట్‌గన్ అందుకొని పని ముగించాడు. తర్వాత 1926లో రుద్రప్రయాగ చిరుతను చంపింది 275 రిగ్బీ బోల్ట్ రైఫిల్‌తో. 1930లో చౌగఢ్ ఆడపులి ఎనిమిది అడుగుల్లో ఎదురైనప్పుడు ఎడమచేతిలో పిట్టగుడ్లు ఉన్నాయి. ఒక్క కుడిచేత్తోనే రైఫిల్ను అంగుళం అంగుళం తిప్పుకొచ్చి కాల్చగలిగాడంటే ఆ 275 తేలికగా ఉండబట్టే. ఐదు కిలోల డబుల్ అయితే ఆ చేయి ఏమయ్యేదో ఊహించుకోండి. ఇక మన గడ్డ మీదికొస్తే, పాత చిత్తూరు జిల్లా చామల లోయ నరభక్షక పులి కథ రాసిన కెన్నెత్ ఆండర్సన్ జీవితమంతా నమ్ముకున్నది 405 వించెస్టర్ లీవర్ రైఫిల్ని. ఒకటే గొట్టం, మ్యాగజైన్‌లో వరుసగా తూటాలు.

బతికినవాళ్లే కదా పుస్తకాలు రాసేది, చిన్న బోరుతో చచ్చినవాడి మాట ఎవరు వింటారు అని అడగొచ్చు. సరైన ప్రశ్నే. అందుకే ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగుల్ని, వాటిలో ఎక్కువ భాగం చిన్న 275 బోరుతోనే కొట్టిన బెల్ దొరను ఇక్కడ ఆదర్శంగా నిలపడం లేదు. ఏనుగు తలలో మెదడు ఎక్కడుందో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. కానీ అదే ప్రశ్న డబుల్ భక్తులకూ వర్తిస్తుంది. పెద్ద బోరు తన్నుకు బెదిరి గురి తప్పి పులి నోట పడ్డవాడూ పుస్తకం రాయలేదు. ఆఫ్రికా గైడ్లు నేటికీ డబుల్ పట్టుకోవడం మరో కథ. దట్టమైన పొదల్లో, వేరొకడు గాయపరిచిన అడవిదున్నను ఆపడం వాళ్ల ఉద్యోగం. మొదటి దెబ్బ వాళ్లది కాదు, డబ్బు కట్టిన అతిథిది. రెండో దెబ్బ కోసమే పుట్టిన తుపాకి రెండో దెబ్బవాడి చేతిలో ఉండటంలో వింత లేదు. దాన్ని తెచ్చి అందరికీ మొదటి తుపాకి చేయడమే తప్పు.

6. ఇవాళ ఎవరి చేతిలో, దేనికోసం

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా వేట నేరం. మిగిలింది 11వ సెక్షన్: మనిషి ప్రాణానికి ముప్పయిన మృగాన్ని, పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, మరోచోటికి తరలించడం కుదరదని తేలాకే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక ఉత్తర్వుతో చంపొచ్చు. 2020 నవంబర్‌లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పులి ఇద్దరిని చంపితే బోనులు పెట్టి పట్టాలని చూశారు. 2024 ఏప్రిల్‌లో అదే జిల్లాలో మహారాష్ట్ర నుంచి ప్రాణహిత దాటొచ్చిన ఏనుగు ఇద్దరు రైతుల్ని తొక్కి చంపి, మళ్లీ అటే వెళ్లిపోయింది. 2018 నవంబర్ 2న యవత్మాల్‌లో అవని అనే ఆడపులి హైదరాబాద్ షూటర్ తూటాకు చనిపోయింది. ఆ తర్వాత రేగిన గొడవలో ఎవరూ బోరు గురించి అడగలేదు. మత్తు సూది సరిగ్గా వేశారా, నిబంధనలు పాటించారా, పులి నిజంగా మీదికొచ్చిందా అనే అడిగారు. మూడు ఉదంతాల్లోనూ కొరవడింది పెద్ద తుపాకి కాదు. జాడ తీసేవాళ్లు, మత్తు మందు నిపుణులు, ఊరి జనాన్ని పొలాలకు వెళ్లకుండా ఆపే యంత్రాంగం కొరవడ్డాయి. ‘ఒక్క 470 ఉంటేనా’ అనే ప్రతి నిట్టూర్పూ ఈ లోటు మీదికి చూపు పోకుండా అడ్డుపడుతుంది.

అయినా ఉత్తర్వు వచ్చి, కాల్చక తప్పని రోజున తుపాకి ఎంచాల్సి వస్తే? డబులే కావాలంటే 400, 450 తరగతిది చాలు. రెండు ట్రిగ్గర్లు, తనంతట తాను పడని సేఫ్టీ, వెడల్పాటి ‘వి’ గురి, చీకట్లో కనిపించే తెల్లని ముందు బిందువు, కాల్చేవాడి భుజానికి కొలిచి చేసిన కుందా, ఇవాళ దొరికే తూటాతో ఇక్కడి ఎండలో కాల్చి చూసిన గొట్టాలు ఉండాలి. ఐదు వందల గజాల దాకా మడత గురులు, నగిషీ, కంపెనీ పేరు ధరను పెంచుతాయి, దెబ్బను కాదు. ఇవన్నీ కుదరకపోతే సరిగ్గా కాల్చడం వచ్చిన చేతిలో 375 బోల్ట్ రైఫిల్ ఆ డబుల్ కంటే మేలు.

పాత డబుల్ ఉన్న కుటుంబాలకు ఒక మాట. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషి రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు; ఏది ఉంచాలో తేల్చుకునేటప్పుడు బోరు అంకె చూసి నిర్ణయించకండి. గొట్టాలు విప్పించి ప్రూఫ్ ముద్రలు చదివించండి. నల్లమందు గొట్టమని తేలితే దాంట్లో తూటా పెట్టకండి.